ఖాళీ వదిలిన లెక్కలు

నాకు కోపం ఎక్కువని చిక్కడపల్లిలో సగం మందికి తెలుసు. మిగతా సగం మంది నా దగ్గర లెక్కలు నేర్చుకోలేదు కాబట్టి బతికిపోయారు. ఏళ్ల తరబడి బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాక, మోకాళ్లు వద్దన్నా నోరు ఊరుకోక, రమాకాంత్ ట్యూషన్ సెంటర్‌లో చేరాను. రమాకాంత్ ఒకప్పటి నా విద్యార్థే. నారాయణగూడ ఫ్లైఓవర్ దిగి సందులోకి తిరిగితే, ఒక టిఫిన్ సెంటర్ మీద రెండు గదులు కిరాయికి తీసుకుని నడుపుతున్నాడు. కింద దోసెలు, పైన పదో తరగతి. ఆ వాసనకు కడుపులో ఎలుకలు పరుగెడుతుంటే త్రికోణమితి ఎవడి బుర్రకెక్కుతుంది?

దోసెలతో ఎలాగో సర్దుకున్నాను గానీ, పోయిన జూన్‌లో రమాకాంత్ కొనుక్కొచ్చిన రెడీమేడ్ పాఠాలతో మాత్రం సర్దుకోలేకపోయాను. ఏదో కంపెనీ వాళ్లు కట్టలు కట్టలుగా వర్క్‌షీట్లు పంపుతారు. ప్రతి షీటుకూ టీచరు పేజీ ఒకటి వేరే ఉంటుంది. ఏం చెప్పాలో, ఎక్కడ ఆగాలో, పిల్లలను ఏమడగాలో అన్నీ అందులో అచ్చువేసి ఉంటాయి. ఒకచోటైతే 'ఇప్పుడు చిరునవ్వుతో మళ్లీ అడగండి' అని రాశారు. నేనెప్పుడు నవ్వాలో కూడా వాళ్లే చెప్తారా అని ఒళ్లు మండిపోయింది.

"ఇంక మీరు గొంతు చించుకునే అవసరమే లేదు మేడం," అన్నాడు రమాకాంత్ సంబరంగా. "అంతా దాంట్లనే ఉన్నది. షీట్ ఇయ్యాలె, పిల్లలు నింపాలె, ఫోన్‌తోని ఫొటో కొట్టాలె. ఎవరికెంత వచ్చిందో అదే చెప్తది."

"మరి నేనెందుకు?"

"పిల్లలకు డౌట్లు వస్తయి కద మేడం, వాటికి."

అలా పెళ్లింట్లో పెద్దముత్తయిదువలాగా నన్నొక మూల కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. షీట్లు నడపడానికి స్వరూప అనే అమ్మాయిని పెట్టుకున్నాడు.

స్వరూపది అచ్చంపేట దగ్గర ఊరు. అశోక్‌నగర్‌లో లేడీస్ హాస్టల్‌లో ఉండి ఉద్యోగ పరీక్షలకు చదువుతోంది. బ్యాంకు, రైల్వే, ఎస్సై, ఏ నోటిఫికేషన్ పడినా అప్లికేషన్ పెట్టేస్తుంది. పొద్దుట్నుంచీ చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని, సాయంత్రం నీళ్ల సీసా చేత్తో పట్టుకుని మా దగ్గరికి వస్తుంది. చదివింది చరిత్రలో ఎం.ఏ. లెక్కలంటే తనకు భయమని వచ్చిన రోజే నాతో చెప్పేసింది.

"నాకు రాదు మేడం. టీచర్ పేజీ ఉన్నది కద, అది సదివి చెప్త. అది గూడ అర్థం గాకపోతే మీరున్నరు," అంది.

ఇంత నిజం మొహం మీద చెప్పేవాళ్లను నేనెలా తిడతాను? పైగా పిల్లలకు ఆమె అంటే ప్రాణం. నేను ఒక్క కేక వేస్తే గది నిశ్శబ్దమవుతుంది గానీ, ఎవడి బుర్రా తెరుచుకోదు. స్వరూప "ఏడ ఆగిపోయినవ్ నాయినా?" అని పక్కన కూర్చుంటే, అంతవరకూ నిద్రపోతున్న వాడు కూడా పెన్సిల్ తీస్తాడు. ఇది నాకు కాస్త కడుపుమంటగానే ఉండేదని దాచడమెందుకు!

ఆమెకు అందరికన్నా పెద్ద శిష్యురాలు మంగ. సర్కారు బడిలో పదో తరగతి. తల్లిదండ్రులు పీరయ్య, బుగ్గమ్మ పాలమూరు జిల్లా నుంచి వచ్చి ఇళ్లు కట్టే పనుల్లో ఉన్నారు. అశోక్‌నగర్‌లో ఒక అపార్ట్‌మెంట్ లేస్తుంటే, దాని కిందనే రేకుల గదిలో కాపురం. చెప్పిన మాట జవదాటే పిల్ల కాదు మంగ. మార్జిన్ గీయమంటే నోట్సు చివరి పేజీ దాకా గీసుకొచ్చేస్తుంది. నలభై ఏళ్ల కిందటి పిల్లల్లో కూడా అంత మాట వినే పిల్లను నేను చూడలేదు.

దసరా అయ్యాక ఒక ఆదివారం పీరయ్య వచ్చాడు. చెప్పులు మెట్ల దగ్గరే విడిచి, గుమ్మంలో నిలబడి మాట్లాడాడు.

"పదోది పాసైతే సదివిస్త మేడం. పాలిటెక్నిక్ అంటున్నది, పోనీ. తప్పితే మాత్రం మాతోని పనికే. ఇద్దరం పనికి పోతే పిల్ల ఒక్కతే ఇంట్ల ఉండాలె, జమానా మంచిగ లేదు. మా మేస్త్రికి గూడ చెప్పి పెట్టిన. అన్ని సబ్జెక్టులు ఎట్లనో ఒకట్ల ఎల్తయంట, లెక్కలే భయమంటున్నది."

ఆయన కఠినుడేం కాదు. ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పాడు. నేనే గొప్పకు పోయి, "లెక్కల సంగతి నాకొదిలెయ్ పీరయ్యా, ఆ పిల్లే మా సెంటర్‌లో ఫస్టు," అన్నాను.

నిజంగానే ఫస్టు. రమాకాంత్ ఫోన్‌లో ప్రతివారం ఒక పట్టిక వచ్చేది. పిల్లల పేర్ల పక్కన ఎర్రవి, పసుపువి, పచ్చవి చుక్కలు. మంగ పేరు పక్కన ఎప్పుడూ పచ్చ చుక్కే, నూటికి తొంభై పైనే. రమాకాంత్ ఆ పిల్ల పేరు గోడ మీద నక్షత్రంలో రాసి అంటించాడు. ఈ కాగితాల మీద నాకున్న కోపం కాస్త మెత్తబడింది కూడా. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ఎన్నాళ్లని వాదిస్తాం?

ఫిబ్రవరిలో బడిలో ప్రీ-ఫైనల్ పెట్టారు. మంగకు లెక్కల్లో ఎనభైకి పద్దెనిమిది వచ్చాయి.

దిద్దిన పేపరు తెచ్చి నా ముందు పెట్టి, తల వంచుకుని నిలబడింది. నేను పేజీలు తిప్పాను. రాసిన ప్రతి లెక్కా రైటే. ఒక్కటంటే ఒక్క తప్పు లేదు. కానీ రాసినవి గుప్పెడు. మిగతా చోట్ల ప్రశ్న నంబరు వేసి, కింద శుభ్రంగా తెల్లగా వదిలేసింది. మార్జిన్ మాత్రం అన్ని పేజీలకూ ఉంది.

వదిలేసిన ఒక లెక్క మీద వేలు పెట్టి, "ఇది ఎట్ల చేస్తవో నోటితో చెప్పు," అన్నాను. సగం దాకా చక్కగా చెప్పుకొచ్చింది.

"మరి ఇంతవరకన్నా ఎందుకు రాయలే?"

"ముంగట కొంచెం డౌట్ వచ్చింది మేడం."

"డౌటొస్తే?"

"వదిలెయ్యాలె మేడం. తప్పు రాస్తే ఉన్న మార్కు గూడ పోతది. స్వరూపక్క చెప్పింది."

బీరువాలోంచి మంగ వర్క్‌షీట్లన్నీ లాగి బల్ల మీద పరిచాను. జూన్‌లో షీట్లు నిండుగా ఉన్నాయి, తప్పులూ ఒప్పులూ కలిసి. దసరా నాటికి సగానికి సగం తెల్లగా ఉన్నాయి. సంక్రాంతి దాటాక పదింటికి రెండు, మూడు రాసింది, అంతే. రమాకాంత్‌ను పిలిచి, "ఈ పిల్లకు తొంభై ఎట్ల వచ్చినయిరా?" అని అడిగాను. అతను ఫోన్‌ను ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"రాసినవాట్ల ఎన్ని కరెక్టో అది చెప్తది మేడం," అన్నాడు చివరికి నీళ్లు నములుతూ. "రాయనివి లెక్కలకు పట్టుకోదంట."

అంటే వారం వారం ఆ పిల్ల రాయడం తగ్గించుకుంటూ పోయింది, కంపెనీ వాళ్లు మెచ్చుకుంటూ పోయారు, రమాకాంత్ గోడకు నక్షత్రం అంటించాడు. మిగతా పిల్లలకూ స్వరూప ఇదే చెప్పిందట. వాళ్లు ఆ చెవిన విని ఈ చెవిన వదిలేసి, తొందరగా దోసెల దగ్గరికి పోవచ్చని తోచిందల్లా రాసి పడేశారు. మాట వినని వాళ్లంతా ఒడ్డున ఉన్నారు, విన్న పిల్ల మునిగింది.

అప్పుడే స్వరూప వచ్చింది. నీళ్ల సీసా ఇంకా కింద పెట్టనేలేదు, నేను విరుచుకుపడ్డాను. ఏమేం అన్నానో అన్నీ గుర్తులేవు. పసిపిల్ల గొంతు కోశావన్నాను. చేతకానిదానికి పిల్లల ముందు నిలబడటమెందుకన్నాను.

"తప్పు వెడితే మార్కు కోస్తరు కద మేడం," అంది ఆమె బిత్తరపోయి. "నాలుగు తప్పులైతే ఒక రైటు పోతది. పిల్లలకు ఇప్పట్నుంచే అలవాటు కావాలని చెప్పిన..."

"అవి నీ పరీక్షలు! ఇది పదో తరగతి! ఇక్కడ కోసుడెక్కడిది? సూత్రం రాస్తే మార్కు, బొమ్మ గీస్తే మార్కు, సగం దాక చేసి వదిలేసినా సగం మార్కులు!"

స్వరూప సీసా బల్ల మీద పెట్టింది. "మర్చిపోయిన మేడం," అంది. "నేను గూడ పదోది రాసిన కద... మొత్తానికే మర్చిపోయిన."

ఆ మాట విని కుర్చీ లాక్కుని కూర్చున్నాను. అశోక్‌నగర్‌లో ఏ కోచింగ్ మెట్లెక్కినా, ఏ టీ బండి దగ్గర నిలబడినా వినపడే మాట అదే: డౌటుంటే వదిలెయ్. తప్పు పెట్టి పోగొట్టుకున్న ఒక్క మార్కుతో ఉద్యోగం తప్పిపోయిన వాళ్ల కథలే అక్కడ అన్నంలో నంజుకుంటారు. ఇరవై రెండేళ్లకు వచ్చి ముప్పైకి చేరువైన ఈ అమ్మాయి, ప్రపంచంలో పరీక్షలన్నీ అలాగే ఉంటాయని నమ్మేసింది. తనకు తెలిసిన ఒకే ఒక్క జాగ్రత్తను ప్రేమగా పిల్లల చేతుల్లో పెట్టింది. ఆ నమ్మకం ఎంత దూరం పోయిందో కూడా అప్పుడే బయటపడింది. తన పరీక్షల్లో లెక్కల భాగం మొత్తం చదవకుండానే వదిలేస్తోందట, ఏళ్లుగా.

"మంగ తప్పితే నేను ఊరికి పోత మేడం," అంది కళ్లు తుడుచుకుంటూ. "ఒక పిల్ల సదువు చెడగొట్టి, ఇంక ఏ మొఖం పెట్టుకుని పరీక్షలు రాయాలె?"

ఏడుస్తూ కూర్చుంటే మంగ పాసవదు. అసలు పరీక్షకు నెల రోజులు కూడా లేవు. మర్నాటి నుంచి ఒక్క ఖాళీ కూడా లేకుండా షీటు నింపితేనే ఇంటికి పంపుతానని మంగకు ఆజ్ఞ వేశాను. చెప్పిన మాట వినే పిల్ల కదా, వింది. కానీ చెయ్యి వినలేదు. పెన్సిల్‌తో కనపడీ కనపడనట్టు ఒక వరుస రాసేది, వెంటనే రబ్బరుతో తుడిచేసేది. మళ్లీ రాసేది, మళ్లీ తుడిచేది. కాగితం చిరుగులు పడింది గానీ లెక్క పడలేదు. నాకు సహనం తక్కువ. "రాయవే!" అని గట్టిగా అరిచాను. పెన్సిల్ కింద పడింది. మర్నాడు ఆ పిల్ల ట్యూషన్‌కే రాలేదు.

స్వరూప లైబ్రరీ మానేసి అశోక్‌నగర్ పోయి, సిమెంటు బస్తాల వెనక కూర్చున్న మంగను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. తీసుకొచ్చి, తన పక్కనే బెంచీ మీద కూర్చోబెట్టుకుంది. టీచరు పేజీ మడిచి నా చేతికిచ్చింది.

"ఇది మీ దగ్గర్నే ఉంచుండ్రి మేడం. ఇయ్యాల నేను గూడ షీట్ రాస్త. పెన్సిల్ లేదు, పెన్నుతోనే. మీరు పరీక్ష పేపర్ దిద్దినట్లే దిద్దుండ్రి. జర గూడ దయ చూపొద్దు."

పిల్లలంతా మెడలు చాచి చూస్తున్నారు. అంకశ్రేఢి లెక్క అది: మూడు, ఏడు, పదకొండు అని పోతూ ఉంటే మొదటి ఇరవై పదాల మొత్తమెంత? స్వరూప పెన్ను పట్టుకుంది. చాలాసేపు కాగితం వంక చూసింది. సూత్రం రాసింది. మొదటి పదం మూడు, తేడా నాలుగు అని రాసింది. ఆ తర్వాత ఒకటి తీసెయ్యడం మర్చిపోయి, పంతొమ్మిది ఉండాల్సిన చోట ఇరవై వేసింది. చివరికి ఎనిమిది వందల అరవై తేల్చింది. రావలసింది ఎనిమిది వందల ఇరవై.

నేను ఎర్రపెన్ను తీశాను. పదో తరగతి పేపర్లు ఎన్ని దిద్దానో నాకే తెలియదు. ఆ అలవాటుతోనే వరుస వరుసకూ దిద్దుకుంటూ వచ్చాను. సూత్రానికి ఒకటి, విలువలకు ఒకటి, తప్పు అంకెతోనైనా పద్ధతిగా నడిపినందుకు ఒకటి. జవాబు దగ్గర అడ్డంగా కొట్టేసి, పక్కన 'నాలుగుకు మూడు' అని వేశాను.

స్వరూప కాగితం అందుకుని చూసింది. మళ్లీ చూసింది.

"తప్పు లెక్కకు మూడు మార్కులా మేడం?"

"తప్పు చివర్ల ఉన్నది. అంతకుముందు చేసిందంతా నీదే. దాన్నెవరు గుంజుకుంటరు?"

ఆమె నవ్విందో ఏడ్చిందో నాకు అర్థం కాలేదు. పెద్ద పిల్ల, ఇన్నేళ్లుగా ఎవరూ ఆమె చేసినదాంట్లో సగానికి విలువ కట్టి ఇవ్వలేదు. ఇస్తే మొత్తం మార్కు ఇచ్చారు, లేదంటే కోశారు. కళ్లద్దాలు తుడుచుకునే నెపంతో తల తిప్పుకున్నాను.

అప్పుడు మంగ నెమ్మదిగా, "అక్కా, ఈడ ఒకటి తియ్యాలె," అంది, ఆ ఇరవై మీద వేలు పెట్టి.

"అవునా? ఎందుకు?" అంది స్వరూప నిజంగానే తెలియక.

మంగ చెప్పింది. చెప్పడానికి కాగితం కావాల్సి వచ్చింది. స్వరూప చేతిలోని పెన్ను తీసుకుని మంగే రాసింది, తుడవడానికి వీల్లేకుండా.

అంతటితో అన్నీ చక్కబడ్డాయని చెప్తే అబద్ధం. మంగ చెయ్యి చాలా రోజులు మొరాయించింది. కానీ రోజూ ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని ఒకే షీటు రాసేవారు. నేను ఇద్దరికీ మార్కులు వేసేదాన్ని. ఎవరికి ఎక్కువ తప్పులొస్తే వాళ్లు రెండోవాళ్లకు మిర్చి బజ్జీ తినిపించాలని పందెం వేసుకున్నారు. మొదటి వారమంతా మంగ బజ్జీలు తింటూనే ఉంది. ఇంకో సంగతి కూడా చెప్పాలి, నాకిష్టం లేకపోయినా. ఆ షీట్లు లేకపోతే ఇంత తక్కువ రోజుల్లో అన్ని రకాల లెక్కలు నేనెక్కడి నుంచి తెచ్చేదాన్ని? లెక్కలు ఓపిగ్గా, వరసగానే కూర్చారు మహానుభావులు. చిరునవ్వు సంగతి మాత్రం నేనిప్పటికీ ఒప్పుకోను.

లెక్కల పరీక్ష రోజు స్వరూప, నేను పరీక్ష సెంటర్ బయట ఎండలో నిలబడ్డాం. మంగ బయటికి వచ్చి మమ్మల్ని చూసి ఆగింది.

"అన్నీ రాసిన," అంది. "రెండు తప్పని రాసేటప్పుడే తెలిసింది. చెయ్యి ఆగింది. అయినా రాసిన."

సాయంత్రం ప్రశ్నపత్రం ముందేసుకుని, ఆ పిల్ల చెప్పినదాన్ని బట్టి మార్కులు వేసుకుంటూ పోయాను. పూర్తిగా సరిగ్గా చేసినవన్నీ కలిపినా పాసు మార్కు రాలేదు. మిగతాది ఆ సగం సగం లెక్కల్లోంచి రావాలి. వాటిని దిద్దేవాళ్లు ఎలా చూస్తారో, చేతికి ఎంత ఎముక ఉందో నాకేం తెలుసు? ఆ మాట నేను పైకి అనలేదు గానీ, స్వరూప నా మొహం చూసి పట్టేసింది. ఆ తర్వాత ఫలితాల దాకా ఆమె నాతో లెక్కల మాటెత్తలేదు.

ఫలితాలొచ్చే రోజు పీరయ్య, బుగ్గమ్మ పనికి సగంపూట సెలవు చెప్పి, మంగను వెంటబెట్టుకుని వచ్చారు. స్వరూప అప్పటికే వచ్చి కూర్చుంది. ఆమె కాళ్ల దగ్గర నిండా కుక్కిన పెద్ద సంచి, దాని మీద చుట్టిన దుప్పటి. నేను దాని వంక చూశాను. ఆమె నా వంక చూడలేదు. అడిగే ధైర్యం నాకూ చాలలేదు.

రమాకాంత్ ఫోన్‌లో సైటు తిరుగుతూనే ఉంది. అతను నొక్కుతున్నాడు, అది తిరుగుతోంది. బుగ్గమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని గోడకానుకుంది. చివరికి రమాకాంత్ ఫోన్ నా చేతిలో పెట్టాడు. లెక్కల దగ్గర చూశాను. పాసు మార్కు కన్నా నాలుగు ఎక్కువ. అంటే సరైన లెక్కలు ఆ పిల్లను గడప దాకా తెచ్చాయి, లోపలికి తీసుకొచ్చినవి తప్పు లెక్కలే.

"పాసైంది," అన్నాను. "అన్నిట్ల పాసైంది."

బుగ్గమ్మ కూతుర్ని పొట్టకు అదుముకుని ఏడ్చేసింది. పీరయ్య చొక్కా జేబులోంచి చిన్న ఫోన్ తీసి, నంబరు నొక్కి, చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"అన్నా, నేను పీరయ్యను. మా బిడ్డ పనికి రాదన్నా... ఆఁ, రాదు. ఇంకో మనిషిని చూస్కో. మా బిడ్డ కాలేజీకి పోతది."

ఆ చివరి మాట రెండుసార్లు చెప్పాడు. అవతల మేస్త్రికి మొదటిసారే వినపడి ఉంటుంది, అంత గట్టిగా చెప్పాడు.

మంగ తల్లి చేతుల్లోంచి విడిపించుకుని స్వరూప దగ్గరికి పోయి నిలబడింది. స్వరూప ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, ఆ వేళ్లను కాసేపు తన రెండు చేతుల మధ్య ఉంచుకుంది. తర్వాత గోడ గడియారం చూసి గబుక్కున లేచింది. నీళ్ల సీసా తీసుకుంది. సంచిని కాలితో బెంచీ కిందికి తోసింది.

"మేడం, ఇది సాయంత్రం దాక ఈడ్నే ఉండనియ్యండ్రి," అంది. "జల్ది పోకపోతే లైబ్రరీల సీటు దొరకదు."